మూతెడు తీర్థం

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక బట్టల దుకాణం తెరవడానికి ఒక కథానాయకుడు దయచేశారు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. ఫ్లెక్సీలు ఇంకా దించలేదు కనుక తెలియనివారు లేరు. ఉదయం తొమ్మిదికి పెట్టిన ముహూర్తం మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చింది. అరసవల్లిలో సూర్యనారాయణుడు మార్చిలోనూ అక్టోబరులోనూ వేళ తప్పకుండా వచ్చి, కిరణాలతో మూలవిరాట్టు పాదాలు తాకి వెళతాడు. పాపం, బౌన్సర్లు లేనందువల్ల ఆయనకు ఆలస్యం చేయడం చేతకాదు. ఊసవానిపేట మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఈయన కత్తెర ఎత్తారు. ఊరు ఊగిపోయింది.

రిబ్బను కత్తిరించిన అలసట తీరడానికి ఆయన రెండు గుక్కల నీళ్లు తాగి, సీసాను జనంలోకి విసిరారు. సీసా ఒక అభిమాన సంఘానికీ, మూత మరో సంఘానికీ దక్కడంతో ఆస్తి తగాదా పుట్టింది. చివరకు లెక్కల మాస్టారొకరు మధ్యవర్తిగా కూర్చుని, మూతనే కొలపాత్రగా చేసి తలా ఒక మూతెడు పోయాలని తీర్పు చెప్పారు. కుర్రాళ్లు చెప్పులు విడిచి, వరుస కట్టి, దోసిలి పట్టి, తాగగా మిగిలిన తడిని తలకు రాసుకున్నారు. వెనకనున్నవాడు ‘నా వంతొచ్చేసరికి అయిపోతే ఏటవుతాది మాస్టారూ?’ అని కంటతడి పెట్టగా, ఆయన పక్క టీకొట్టు కుళాయి నీళ్లు సీసాలో కలిపి, ‘గంగలో ఏ నీరు కలిసినా గంగేనోయ్’ అని ఓదార్చారు. మహిమ తగ్గిందని ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఇదే జిల్లాలో ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి పల్లెల్లో మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్ల పరీక్షల తరువాత కూడా తేలలేదు. నీళ్లవల్లనేమోనన్న భయంతోనే జనం గ్లాసు ఎత్తుతున్నారు. జీడితోటలో కూలి చేసిన మనిషి డయాలిసిస్ మంచమెక్కాక నీళ్లు కొలుచుకునే తాగాలి, దాహంతో నాలుక పిడచకట్టుకుపోయినా సరే. ఆ కొలత ఈ ఊళ్లో ఎవడికి పట్టింది? నాలుగు గంటలు ఎండలో నిలబడ్డ కాళ్లు ఆ మంచం పక్కన నాలుగు నిమిషాలు నిలబడలేవా? ఆ నీటిలో ఏముందో తేల్చమని ఏ కలెక్టరు గుమ్మం ముందైనా ఈ గొంతులు ఒక్క పూట అరిచాయా?

ఇదే మాట సంఘం అధ్యక్షుడిని అడిగాను. అతడు ఫోను బయటకు తీసి, ఎంతో ఆసక్తిగా, ‘ఉద్దానానికి ఏ హీరో వత్తన్నాడండీ?’ అన్నాడు.