రెండే నిమిషాలు అంకుల్!

మన ఉగాది వేడుకలో ఆ పెద్దాయన్ని స్టేజీ దించేసిన తీరు నాకింకా మింగుడు పడటం లేదు. పేరు రాయను, హాల్లో ఉన్నవాళ్లకు తెలుసు. 1971 యుద్ధంలో విశాఖ నేవీలో పనిచేసిన మనిషి. ఘాజీ జలాంతర్గామి మునిగిన రాత్రి గురించి మొదలుపెట్టి, ఊరంతా లైట్లార్పేసిన సంగతి దాకా వచ్చారో లేదో, "రెండే నిమిషాలన్నాం కదా అంకుల్" అంటూ యాంకరమ్మాయి మైకు లాగేసుకుంది. హీరోగారి ఫ్లైటుకు టైమైపోతోందట. ఆయన చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకుని, దిగడానికి మెట్లెక్కడా అని వెతుక్కున్నారు.

అమెరికాలో మనముండే ఇదే సాన్‌హోసేలో వియత్నాం వాళ్లున్నారు. ఫో (వాళ్ల నూడుల్స్ సూప్) తినడానికి తప్ప మనం అటు తొంగిచూడం. 1975లో తమ దేశం దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ ఉత్తర వియత్నాం కమ్యూనిస్టుల చేతిలో పడిపోయిన ఏప్రిల్ 30ని వాళ్లు ఏటా తలుచుకుంటారు. ఈసారి ఆ సభకు మా ఆఫీసులో పనిచేసే ఒకాయన నన్ను తీసుకెళ్లాడు. పసుపు మీద మూడు ఎర్ర చారల ఆ పాత దేశపు జెండా, ముందు వరుసలో పాత యూనిఫాముల్లో తాతలు. ఎవరూ వాళ్లకు వాచీ చూపించలేదు.

ట్రాన్ వాన్ చోన్ సంగతి అక్కడే విన్నాను. 1920లో వుంగ్ తావులో పుట్టారు. న్యా ట్రాంగ్ నేవీ అకాడమీ మొదటి బ్యాచ్. 1957కే దక్షిణ వియత్నాం నౌకాదళాధిపతి. ఆపైన అమెరికాలో న్యూపోర్ట్ నేవల్ వార్ కాలేజీలో చదివొచ్చారు. 1966లో మళ్లీ అదే కుర్చీలో కూర్చుని రియర్ అడ్మిరల్ అయ్యారు. అమెరికన్లు ఇంటిదారి పడుతూ వందల పడవలు అప్పగించిపోతే, వాటిని నడిపే మనుషుల్ని తయారుచేసే భారం ఆయన నెత్తిన పడింది. 1974 జనవరిలో చైనాతో పోరులో దక్షిణ చైనా సముద్రంలోని పారాసెల్ దీవులు పోయాయి. ఆ ఏడాదే పదవి దిగారు. మరుసటేడు సైగాన్ పడిపోయినా దేశం వదల్లేదు. ఫలితం, సుమారు 12 ఏళ్లు నిర్బంధ శిబిరాల్లో. 1991లో ఇక్కడికొచ్చి సాన్‌హోసేలో స్థిరపడ్డారు. 2019లో, 98 ఏళ్ల వయసులో పోయారు.

ఓడిపోయిన సైన్యం, మ్యాపులో లేని దేశం, వాళ్లకు గతం కాక ఇంకేముంది అనొచ్చు. వాళ్ల పిల్లలూ ఆ సభలో ఫోన్లు గీకుతూనే ఉన్నారు. మన కమిటీ బాధా నిజమే. హీరో వస్తేనే టికెట్లు, టికెట్లు తెగితేనే హాలు అద్దె. కాదనను. కానీ మనకు పెద్దలు అక్షింతలు వేయడానికేనా? కాళ్లకు దండం పెట్టేస్తాం, తర్వాత బిర్యానీ క్యూ పక్కన మడత కుర్చీ వేసి కూర్చోబెడతాం. మనవల్ని స్కూలు బస్సెక్కించి, ఆర్నెల్లకు తిరిగెళ్లిపోయే ఈ తాతల్లో సాగర్ డ్యాం మీద పనిచేసినవాళ్లున్నారేమో, దివిసీమ ఉప్పెన చూసినవాళ్లున్నారేమో. అడిగినవాడేడీ?

దీపావళికి చూద్దాం అంటున్నారు కమిటీవాళ్లు. మన నేవీ పెద్దాయన రిటర్న్ టికెట్ ఆగస్టుకే. జూలై పిక్నిక్‌లో, రాఫిల్ డ్రా కంటే ముందు, ఒక ఇరవై నిమిషాలు ఇవ్వండి చాలు. మైకు నేను పట్టుకుంటాను, యాంకర్ అక్కర్లేదు.