జీతం వచ్చింది, ఒప్పందం రాలేదు: కాలేజీ ఫుట్‌బాల్‌కూ ఎన్ఎఫ్ఎల్‌కూ మధ్య మారిన లెక్కలు

2024 జనవరి మొదట్లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపి పాస్‌లు వేసే ఆటగాడు) కామ్ వార్డ్, అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌కు (జట్లు రౌండ్ల వారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే తంతు) వెళ్తున్నానని ప్రకటించాడు. రెండు వారాలు తిరక్కముందే మనసు మార్చుకుని మయామీ యూనివర్సిటీలో చేరాడు. అప్పటి అంచనాల్లో అతను మధ్య రౌండ్లలో ఎక్కడో పోయే ఆటగాడు. 2025 ఏప్రిల్‌లో టెనెసీ టైటన్స్ అతణ్నే మొట్టమొదటి ఎంపికగా తీసుకుంది. ఐదారేళ్ల కిందట ఇలాంటి కుర్రాడు కాలేజీలో ఇంకో ఏడాది ఆడాలంటే జీతం లేకుండా మోకాళ్లు పణంగా పెట్టాలి. ఇప్పుడు జీతం తీసుకుంటూనే తన ధర పెంచుకుంటున్నాడు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఈ మార్పు గురించి మాట్లాడే వాళ్లలో ఎక్కువ మంది పాడే పాట ఒకటే: డబ్బు వచ్చి కాలేజీ ఆటను పాడుచేసింది. నేనలా అనుకోను. కాలేజీ ఆటలో డబ్బు ఎప్పుడూ ఉంది, ఆటగాడికి తప్ప అందరికీ అందేది. ఇప్పుడు ఆటగాడికీ అందుతోంది. కానీ ఎన్ఎఫ్ఎల్‌లో జీతంతో పాటు వచ్చే ఒప్పందం, యూనియన్, ఇరుపక్షాలూ సంతకం పెట్టిన నిబంధనలు వెంట రాలేదు. ఈ రోజు కనిపించే గందరగోళంలో చాలా భాగం అక్కడే పుట్టింది.

మొదట్లో పెద్దన్న ఎన్ఎఫ్ఎల్ కాదు, కాలేజీ ఆటే. 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ ఆడితే, ఎన్ఎఫ్ఎల్‌గా మారిన సంఘం పుట్టింది 1920లో. 1925 నవంబరులో ఇల్లినాయ్ ఆటగాడు రెడ్ గ్రేంజ్ ఆఖరి కాలేజీ మ్యాచ్ అయిన వెంటనే షికాగో బేర్స్‌లో చేరాడు. కొద్ది రోజులకే అతణ్ని చూడటానికి రిగ్లీ ఫీల్డ్‌కు 36 వేల మంది వచ్చారు. కాలేజీలు భగ్గుమన్నాయి. వాళ్లను శాంతపరచడానికి, ఒక కుర్రాడి తరగతి పట్టా పుచ్చుకునే దాకా అతని జోలికి పోమని లీగ్ మాటిచ్చింది. 1936లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. అందులో మొదటి పేరు, ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ తొలి విజేత జే బెర్వాంగర్‌ది. జీతం కుదరక అతను ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, ఫోమ్ రబ్బరు అమ్మే ఉద్యోగం చూసుకున్నాడు. బయట మెరుగైన దారి ఉన్నవాడికి డ్రాఫ్ట్ అంత గొప్పగా కనిపించదన్నది తొలి రోజు నుంచే ఉన్న సంగతి.

తర్వాత టీవీ వచ్చి తూకం తిరగబడినా ఏర్పాటు మాత్రం నిలిచింది. 1961 నాటి క్రీడా ప్రసారాల చట్టం సెప్టెంబరు రెండో శుక్రవారం నుంచి డిసెంబరు రెండో శనివారం దాకా శుక్రవారం రాత్రుల్ని స్కూళ్లకూ శనివారాల్ని కాలేజీలకూ దాదాపు వదిలేసింది. ఎన్ఎఫ్ఎల్‌కు ఆదివారం మిగిలింది. దానికి బదులు లీగ్‌కు దక్కింది తక్కువేం కాదు: మూడు నాలుగేళ్ల శిక్షణ, దేశమంతా తెలిసిన ముఖాలు, గాయాల వడపోత, అన్నీ అప్పనంగా. మన దగ్గర రంజీ నుంచి ఐపీఎల్ దాకా పైన బీసీసీఐ ఒక్కటే ఉంటుంది. అక్కడ ఎన్ఎఫ్ఎల్‌కు కాలేజీల మీద అజమాయిషీ లేదు, ఖర్చూ లేదు.

ఈ ఏర్పాటుకు మూలస్తంభం మూడేళ్ల నిబంధన. హైస్కూలు ముగించి మూడేళ్లు గడవని వాడు డ్రాఫ్ట్‌కు అర్హుడు కాడు. ఒహాయో స్టేట్ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) మారిస్ క్లారెట్ దీన్ని కోర్టులో సవాలు చేసి 2004 ఫిబ్రవరిలో గెలిచాడు, మేలో అప్పీలు కోర్టులో ఓడాడు. ఆ తీర్పు రాసింది తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లిన సోనియా సోటోమేయర్. సారాంశం ఇది: ఎవరిని పనిలోకి తీసుకోవాలన్నది లీగ్, ఆటగాళ్ల యూనియన్ బేరమాడి తేల్చుకోవాల్సిన విషయం, అందులోకి గుత్తాధిపత్య నిరోధక చట్టం రాదు. పదిహేడేళ్ల తర్వాత, 2021 జూన్‌లో, ఆల్స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0తో, కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. చదువుకు సంబంధించిన ప్రయోజనాలకు అది పెట్టిన పరిమితులు చెల్లవంది. ఎన్‌సీఏఏ ఎదుట బేరమాడే యూనియనే లేదు కనుక ఎన్ఎఫ్ఎల్‌ను కాపాడిన మినహాయింపు దానికి వర్తించదు. 2014లో నార్త్‌వెస్టర్న్ ఆటగాళ్లు యూనియన్ పెట్టుకోబోతే యాజమాన్యం గట్టిగా ఎదిరించింది, మరుసటి ఏడాది జాతీయ కార్మిక బోర్డు మాకెందుకని చేతులు దులుపుకుంది. ఆ రోజు అడ్డుకున్న యూనియనే ఈ రోజు కాలేజీలకు కవచమయ్యేది.

ఆల్స్టన్ తీర్పు వచ్చిన పది రోజులకే, 2021 జులై 1న, పేరు, రూపం, గుర్తింపు మీద సంపాదించుకునే హక్కు ఆటగాళ్లకు దక్కింది. 2024 నుంచి మార్కులు సరిగా ఉంటే ఎన్నిసార్లైనా స్కూలు మారి వెంటనే ఆడొచ్చు. 2025 జూన్‌లో, ఆటగాళ్లకు డబ్బు దక్కకపోవడంపై ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి కోర్టు ఆమోదముద్ర పడింది. పాత ఆటగాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు ఇవ్వాలి. 2025-26లో ఒక్కో స్కూలు అన్ని ఆటలకూ కలిపి ఆటగాళ్లకు నేరుగా 2.05 కోట్ల డాలర్ల దాకా పంచొచ్చు. ఫుట్‌బాల్ జట్టులో 105 మందికి మించి ఉండకూడదు. పెద్ద యూనివర్సిటీల్లో ముప్పావు వంతు ఫుట్‌బాల్‌కే పోతుందనుకుంటే తలకు సగటున లక్షన్నర డాలర్లకు కాస్త తక్కువ. సగటు అన్నది ఇక్కడ పేరుకే. మొదటి వరుస క్వార్టర్‌బ్యాక్‌కు బయటి ఒప్పందాలతో కలిపి పది లక్షలు దాటుతుందనీ, జట్టు చివర ఉన్నవాడికి స్కాలర్‌షిప్ మీద నామమాత్రమనీ వార్తలు చెబుతున్నాయి. (ఎఫ్-1 వీసా మీద ఉన్న విదేశీ ఆటగాళ్లకు ఈ పండగ అంతగా లేదు. వారానికి 20 గంటల క్యాంపస్ పని నిబంధన మన పిల్లలకు ఎంత తెలుసో వాళ్లకూ అంతే తెలుసు.)

ఇప్పుడు డ్రాఫ్ట్ గుమ్మంలో నిలబడ్డ ఇరవై ఒక్కేళ్ల కుర్రాడి లెక్క చూద్దాం. ఎన్ఎఫ్ఎల్ సలహా కమిటీ అతనికి చెప్పేది మూడే మాటలు: మొదటి రౌండ్, రెండో రౌండ్, లేదా కాలేజీలోనే ఉండు. మొదటి రౌండ్ అంటే ఆలోచించాల్సింది లేదు, వెళ్లాలి. మూడో మాట వినపడితే అసలు చిక్కు. 2025లో కొత్త ఆటగాడి కనీస జీతం 8.4 లక్షల డాలర్లు, 18 వారాలకు పంచితే వారానికి దాదాపు 46,700. అయితే జట్టులోని 53 మందిలో చోటు దొరికితేనే. ఏడో రౌండ్‌లో ఎంపికైన వాడికి ఖాయంగా చేతికొచ్చేది సంతకం బోనస్ ఒక్కటే. ఆగస్టు చివర్లో పేరు కొట్టేస్తే ప్రాక్టీస్ స్క్వాడ్ (జట్టుతో సాధన చేసే అదనపు ఆటగాళ్లు), అక్కడ వారానికి 13 వేలు. సీజనంతా ఉంచుకుంటే 2.34 లక్షలు, ఉంచుకుంటారన్న హామీ లేదు. పెద్ద కాలేజీలో మొదటి పదకొండు మందిలో ఒకడిగా ఉన్నవాడికి మరో ఏడాదికి అంతకంటే ఎక్కువే పలికే పరిస్థితి వచ్చింది. 2021లో కాలేజీలో ఆడే అర్హత మిగిలి ఉండగానే డ్రాఫ్ట్‌కు వచ్చిన వాళ్లు వందకు పైగా ఉంటే 2024లో 58 మందే.

ఈ పరిస్థితికి సగం బాధ్యత ఎన్ఎఫ్ఎల్‌దే. 2010లో మొదటి ఎంపిక సామ్ బ్రాడ్‌ఫర్డ్ ఒప్పందం ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్లు. 2011లో కొత్త వేతన పట్టిక వచ్చాక మొదటి ఎంపిక కామ్ న్యూటన్‌కు దక్కింది నాలుగేళ్లకు 2.2 కోట్లు. మిగిలిన డబ్బు సీనియర్లకు పోతుందన్నది అప్పటి వాదన. యజమానులకూ సీనియర్లకూ కుదిరింది, ఇంకా లీగ్‌లోకి రాని వాళ్ల తరఫున ఎవరూ కూర్చోలేదు. ఎదురుగా ఇంకో కొనుగోలుదారు లేనంతకాలం పట్టిక బాగానే పనిచేసింది. కాలేజీలు వేలంలోకి దిగగానే ఎదురు పాట పాడలేకపోయింది. ఎంపిక సంఖ్యను బట్టి ధర ముందే తేలిపోయి ఉంటుంది, నాలుగో రౌండ్ కుర్రాడి కోసం జట్టు పట్టుబట్టినా పెంచే వీలు దాదాపు ఉండదు.

దీని ఫలితం వయసులో కనిపిస్తోంది. కరోనా ఏడాది ఎవరి అర్హతలోనూ లెక్కకు రాకపోవడం ఒకటి, స్కూళ్లు మారే వెసులుబాటు ఒకటి, డబ్బు ఒకటి. డెన్వర్ 2024లో తీసుకున్న బో నిక్స్ కాలేజీలో 61 మ్యాచ్‌లు మొదలుపెట్టి 24 ఏళ్లకు వచ్చాడు. 2025 రెండో రౌండ్‌లో న్యూ ఆర్లీన్స్ తీసుకున్న టైలర్ షఫ్ మూడు కాలేజీల్లో ఏడు సీజన్లు గడిపి 25 ఏళ్లకు వచ్చాడు. కోచ్‌లకు ఇది బాగానే ఉంది. అయిదేళ్ల అనుభవంతో వచ్చిన జేడెన్ డేనియల్స్ తొలి ఏడాదే వాషింగ్టన్‌ను 12 గెలుపులకూ, కాన్ఫరెన్స్ ఫైనల్‌కూ తీసుకెళ్లాడు. నష్టపోయేది క్వార్టర్‌బ్యాక్ కాని వాళ్లు. 21కి వచ్చినవాడు నాలుగేళ్ల తొలి ఒప్పందం ముగించి 25 ఏళ్లకు అసలు బేరానికి కూర్చుంటాడు. 24కి వచ్చినవాడు 28కి. రన్నింగ్ బ్యాక్‌కు 28 ఏళ్లంటే చాలా జట్లు పెదవి విరిచే వయసు. కాలేజీలో ఒక ఏడాది అదనంగా దొరికిన అయిదారు లక్షలకు అతను రెండో ఒప్పందంలో ఎంత వదులుకుంటున్నాడో ఏజెంట్లు ముందే చెప్పరు. ఎన్ఎఫ్ఎల్‌లో ఏజెంటు కమీషన్ మూడు శాతం దాటకూడదని యూనియన్ నిబంధన. కాలేజీలో అలాంటి గీత గీసేవాళ్లే లేరు.

మైదానంలోనూ దూరం తగ్గుతోంది, పూర్తిగా కాదు. 2024 నుంచి కాలేజీలోనూ ఒక ఆటగాడి హెల్మెట్‌లో కోచ్ మాట వినిపిస్తోంది. ఎన్ఎఫ్ఎల్ క్వార్టర్‌బ్యాక్‌లకు ఇది 1994 నుంచే ఉంది. రెండు చోట్లా ప్లే క్లాక్‌లో (ఆట మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు) 15 సెకన్లు మిగిలినప్పుడు మాట తెగిపోతుంది. మిషిగన్ యూనివర్సిటీ ప్రత్యర్థి కోచ్‌ల సైగలు దొంగిలించిందన్న ఆరోపణలు రాకపోతే ఇంత త్వరగా వచ్చేది కాదు. దీనివల్ల తేలికయ్యే పని ఒకటుంది. సైడ్‌లైన్‌లో ఎత్తిన బొమ్మల అట్టలు చూసి ఆడిన కుర్రాడు ఎన్ఎఫ్ఎల్ హడిల్‌లో (ఆటకు ముందు ఆటగాళ్లు చుట్టూ చేరే చోట) పది పదిహేను పదాల పిలుపును చెవితో విని, తిరిగి తప్పు లేకుండా చెప్పలేక తడబడేవాడు. ఇకపై ఆ అలవాటు కొంత ముందే పడుతుంది.

మారనివి మాత్రం పెద్దవే. మైదానం వెడల్పు రెండింటికీ 160 అడుగులు. కాలేజీలో హ్యాష్ గీతల (బంతిని పెట్టే చోటికి హద్దులు) మధ్య దూరం 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో పద్దెనిమిదిన్నర. బంతి ఒక గీత మీద ఉంటే కాలేజీలో వెడల్పు వైపు 100 అడుగులు ఖాళీ, ఎన్ఎఫ్ఎల్‌లో 89. ఆ 11 అడుగుల్లో కాలేజీ దాడి సగం బతుకుతుంది. రిసీవర్లను విశాలంగా పరిచి డిఫెన్స్‌ను లాగుతారు, ఇరుకు వైపు బంతి పరుగెత్తిస్తారు. పాస్ వేసేలోపు దాడి జట్టు లైన్‌మన్ (ముందు వరుసలో అడ్డు నిలిచే ఆటగాడు) ముందుకు పోగలిగే దూరం కాలేజీలో 3 గజాలు, ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క గజం. పరుగో పాసో చివరి క్షణంలో తేల్చుకునే ఆర్‌పీఓ కాలేజీలో అంత సులువుగా సాగడానికి ఆ రెండు గజాలే కారణం. కాలేజీ కుర్రాడు ఆర్‌పీఓల్లో వేసిన గజాలను అలాగే పైకి లెక్కేసుకున్న స్కౌట్లు చాలాసార్లు దెబ్బతిన్నారు. వెడల్పు వైపు గీత దాకా వేసిన అవుట్ పాస్‌లు, లోపల నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు పాదాల కదలిక చూసినవాళ్లు తక్కువ మోసపోయారు.

కోచింగ్‌లో దూరం తగ్గడం ఇంకా విచిత్రంగా ఉంది. పేట్రియట్స్‌ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్స్ (ఎన్ఎఫ్ఎల్ ఫైనల్స్) గెలిచిన బిల్ బెలిచిక్ 2024 డిసెంబరులో నార్త్ కరోలైనా యూనివర్సిటీకి వచ్చి, ఎన్ఎఫ్ఎల్ తరహాలో జనరల్ మేనేజర్‌ను పెట్టి, అచ్చం ప్రొఫెషనల్ జట్టులా నడుపుతానన్నాడు. మొదటి మ్యాచ్‌లో టీసీయూ చేతిలో 48-14తో ఓడి, సీజన్‌ను 4-8తో ముగించాడు. ఒక్క సీజన్‌తో తీర్పు చెప్పడం తొందరే. కానీ ఎన్ఎఫ్ఎల్ మేనేజర్ తెలివంతా నాలుగేళ్ల ఒప్పందం మీద నిలబడుతుంది. ఏటా జనవరిలో జట్టంతా స్వేచ్ఛగా వెళ్లిపోగలిగే చోట ఆ తెలివికి పట్టు చిక్కదు. కుర్రాడిని రెండేళ్లు తీర్చిదిద్ది మూడో ఏట వాడుకోవడం అన్నదే అక్కడ ప్రమాదకరమైన పెట్టుబడి.

శనివారం ఒప్పందానికి మాత్రం కాలేజీలు తామే గండి కొట్టుకున్నాయి. 2024లో ప్లేఆఫ్‌ను 4 జట్ల నుంచి 12కు పెంచి, మొదటి రౌండ్‌ను డిసెంబరు మూడో వారాంతానికి పెట్టాయి. చట్టం రక్షణ రెండో శనివారంతో సరి. డిసెంబరు 21న ఎన్ఎఫ్ఎల్ రెండు మ్యాచ్‌లను ఎదురుగా దింపింది. వాటికి చెరో కోటిన్నరకు పైగా ప్రేక్షకులు. అదే వేళ కాలేజీ ప్లేఆఫ్ రెండు మ్యాచ్‌ల్లో ఏదీ కోటి దాటలేదు. లీగ్ అందులో ఏ నియమమూ తప్పలేదు, తెరిచిన తలుపులోంచి లోపలికొచ్చింది, అంతే.

ఇక హౌస్ రాజీ పెట్టిన పరిమితి నిలుస్తుందా? 600 డాలర్లు దాటిన ప్రతి బయటి ఒప్పందాన్నీ కొత్త కాలేజ్ స్పోర్ట్స్ కమిషన్‌కు చూపించాలి, అది నిజమైన వ్యాపార అవసరమేనా, ధర సబబేనా అని వాళ్లు తేలుస్తారు. ఎన్ఎఫ్ఎల్ జీతాల పరిమితి 2025లో 27.92 కోట్ల డాలర్లు. ఆ గీతను కోర్టులు తాకకపోవడానికి కారణం యూనియన్ సంతకం. కాలేజీ గీత వెనక ఉన్నది ఒక దావాలో కుదిరిన రాజీ. రేపు చేరే కుర్రాడు ఆ దావాలో లేడు, మళ్లీ కోర్టుకెళ్లొచ్చు. 2025లో ప్రతినిధుల సభలో పెట్టిన స్కోర్ బిల్లు ఎన్‌సీఏఏకు చట్టపరమైన మినహాయింపు ఇస్తూనే ఆటగాళ్లు ఉద్యోగులు కారంటోంది. యూనియన్ లేకుండా యూనియన్ ఇచ్చే రక్షణ కావాలన్న కోరిక అది.

మూడేళ్ల నిబంధన మాత్రం ఇప్పట్లో కదలదు. యజమానులకు అది ఉచిత శిక్షణ, సీనియర్లకు ఉద్యోగ భద్రత, కాలేజీలకు కనీసం మూడేళ్ల తార. ముగ్గురికీ లాభమైనదాన్ని ముట్టుకునేదెవరు? ఎన్ఎఫ్ఎల్ సామూహిక ఒప్పందం 2030 సీజన్ దాకా ఉంది. అంతకుముందే ఒత్తిడి వచ్చేది మధ్య రౌండ్ల జీతాల మీద. 2025 వేసవిలో హ్యూస్టన్ తన 34వ ఎంపికకు ఒప్పందం మొత్తానికీ హామీ ఇవ్వగానే, రెండో రౌండ్ ఆటగాళ్లు దాదాపు అందరూ మాకూ కావాలంటూ జులై దాకా సంతకం పెట్టలేదు. కాలేజీలోనే నాలుగు రాళ్లు వెనకేసుకున్న వాళ్లకు ఆగే ఓపిక ఉంటుందన్నది నా అంచనా. 18 మ్యాచ్‌ల సీజన్ కోసం లీగ్ బేరానికి కూర్చున్న రోజు, యూనియన్ బల్ల మీద పెట్టాల్సిన మొదటి కాగితం 2011 నాటి ఆ పట్టికే.