సవరణ: స్ట్రోక్ వచ్చినప్పుడు బీపీ మాత్ర

పక్షవాతం లక్షణాలతోపాటు బీపీ ఎక్కువగా ఉంటే ఇంట్లోనే మాత్ర వేయమని మొన్న రాశాను. అది తప్పు.

మామూలుగా బీపీ ఒక పరిధిలో మారినా మెదడు రక్తనాళాలు సన్నబడుతూ, వెడల్పవుతూ రక్తప్రవాహాన్ని నిలకడగా ఉంచుతాయి. స్ట్రోక్ వచ్చిన చోట ఆ శక్తి దెబ్బతింటుంది. అప్పుడు బీపీ ఒక్కసారిగా పడిపోతే, ఇంకా బతికించుకోగల భాగానికీ రక్తం అందదు. అందుకే రక్తనాళంలో రక్తం గడ్డకట్టి వచ్చిన స్ట్రోక్‌లో, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వనప్పుడు, 220/120 దాటితే తప్ప మొదటి రోజు సాధారణంగా బీపీ తగ్గించరని చికిత్సా మార్గదర్శకాలు చెబుతున్నాయి. మెదడులో రక్తస్రావమైతే లెక్క వేరు. ఏదన్నది స్కాన్‌లోనే తెలుస్తుంది. ముందు 108కి ఫోన్ చేయండి.

కోలుకున్నాక డాక్టర్ రాసిన బీపీ మందులు మాత్రం మానొద్దు.