విశ్రాంతికి అర్హత పరీక్ష పెట్టాలి

బండి నడపాలంటే లైసెన్సు అడుగుతారు. కరెంటు స్తంభం ఎక్కాలంటే శిక్షణ కావాలంటారు. పచ్చని తోటల నడుమ, స్పాతో సహా వెలసిన ఖరీదైన హోటల్లో రెండు రాత్రులు విశ్రాంతి తీసుకోవడానికి మాత్రం కార్డు ఒక్కటి గీకితే చాలట. ఇది ఘోరమైన బాధ్యతారాహిత్యం. ఏ తర్ఫీదూ లేని మనుషులు నేరుగా విశ్రాంతిలోకి దిగిపోయి, మెడ పట్టేసి, నిద్ర చాలక ఇళ్లకు చేరుతున్నారు. కాబట్టి ముందు పరీక్ష, తర్వాతే గది తాళం.

పాఠాలు బుకింగ్ దగ్గరే మొదలవ్వాలి. 'గార్డెన్ వ్యూ' అంటే కిటికీలోంచి తోట కనిపిస్తుందన్నమాట. కిటికీకీ తోటకీ మధ్య కార్లు నిలపకూడదని ఎవరూ రాసివ్వలేదు. 'పార్షియల్ గార్డెన్ వ్యూ' అయితే బాల్కనీ అంచుకు వెళ్లి మెడ బాగా సాచాలి. ఆ మెడనొప్పికి చికిత్స కింద స్పాలోనే ఉంది కనుక హోటల్ ఏర్పాట్లకు వంక పెట్టలేం. ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్నలు వేరు. కిటికీ కింద ఏముంది? ఈతకొలను పంపుల గది ఎటువైపు? జనరేటర్, లిఫ్టు, వంటగది పొగగొట్టం ఎంత దూరం? 'ప్రశాంతంగా ఉంటుందా?' అని అడిగితే 'చాలా ప్రశాంతంగా ఉంటుందండీ' అంటారు. ఆ ప్రశ్నకు ఇంకో జవాబు ఇంతవరకూ ఏ రిసెప్షన్‌లోనూ తయారు కాలేదు.

గది మధ్యాహ్నం 3కి ఇచ్చి మర్నాడు 11కి ఖాళీ చేయమంటే రోజుకు 20 గంటలు. భూమి మరీ నిదానంగా తిరుగుతోందని హోటళ్ల అభిప్రాయం కాబోలు. దిగగానే కార్డు మీద కొంత సొమ్ము 'హోల్డ్' చేస్తారు. అది పోయినట్టూ కాదు, మీ దగ్గర ఉన్నట్టూ కాదు. హోటల్ వదిలేశాక కూడా బ్యాంకు వదలడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. డెబిట్ కార్డు ఇస్తే ఖాతాలోని సొంత డబ్బే ఇరుక్కుంటుంది, అందుకే క్రెడిట్ కార్డు ఇవ్వాలి. ఇది పరీక్షలో తప్పకుండా వస్తుంది.

దీపాలు ఆర్పడం ప్రాక్టికల్స్ కిందికి వస్తుంది. మాస్టర్ స్విచ్ నొక్కితే అన్నీ ఆరతాయి, బాత్రూమ్ అద్దం వెనక దీపం తప్ప. దాని స్విచ్ వెతకడానికి కాలు కింద పెడితే మంచం కింది సెన్సార్ దీపం వెలుగుతుంది. ఇక బాల్కనీ తలుపు చట్రంలో చాలాచోట్ల చిన్న అయస్కాంతపు స్విచ్ ఉంటుంది. తలుపు తీస్తే ఏసీ ఆగుతుంది. తోట చూపించి గది అమ్మినవాళ్లే తోట గాలి లోపలికి రానిస్తే శిక్ష వేస్తారు. వేలెడు సందున్నా అంతే. ఏసీ పాడైందని ఫోన్ చేసేముందు తలుపు గట్టిగా వేసి ఒకట్రెండు నిమిషాలు ఆగి చూడండి. కీ కార్డు గోడ మీది స్లాట్‌లోంచి తీసుకుని వెళితే గదికి కరెంటు పోతుంది, చార్జింగ్‌లో పెట్టిన ఫోన్ వెళ్లినప్పుడు ఎంతుందో తిరిగొచ్చేసరికీ అంతే. రెండో కార్డు అడిగి తెచ్చుకోవాలి.

పై దుప్పటిని మూడు వైపులా పరుపు కిందికి కుక్కేసి ఉంచుతారు. కవర్లోకి ఉత్తరం దూరినట్టు పైనుంచి దూరితే పాదాలు వంగిపోయి తెల్లారేసరికి పిక్కలు పట్టేస్తాయి. పడుకునే ముందు కాళ్లవైపు మొత్తం లాగేయడమే పద్ధతి.

తోట సంగతికొద్దాం. స్ప్రింక్లర్లు తెల్లవారుజామున తిరుగుతాయి. దీనిలో తోటమాలి కక్ష ఏమీ లేదు. ఆ వేళ గాలి తక్కువ, ఆవిరయ్యే నీళ్లు తక్కువ. ఎండెక్కేసరికి ఆకులు ఆరిపోతే బూజు తెగుళ్లు పట్టవు. అవి ఆగగానే ఆకులు ఊదే యంత్రం మొదలవుతుంది. దారి మీది ఆకుల్ని అది పచ్చికలోకి ఊదుతుంది, గాలి వాటిని మళ్లీ దారి మీదికి తెస్తుంది. ఈ ఒప్పందం వల్ల ఆ యంత్రానికి ఏనాడూ పని తప్పలేదు. తర్వాత గడ్డి కోత. కోసిన పచ్చిక వాసనను అతిథులు కళ్లు మూసుకుని మరీ పీలుస్తారు. గాయపడ్డ ఆకులు వదిలే రసాయనాలవి. వాటిలో కొన్నింటిని పసిగట్టి పక్క మొక్కలు ఆత్మరక్షణకు సిద్ధపడతాయి కూడా. అంటే మనం ప్రశాంతత అనుకుని గుండెల నిండా నింపుకునేది గడ్డి పెట్టే గావుకేక. తామర కొలను పక్కన కూర్చునేముందు నీళ్లు కదులుతున్నాయా, చేపలున్నాయా చూడండి. నీరు కదలకపోతే వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది, దానికి ఏ బుకింగూ అక్కర్లేదు.

బాత్రూమ్‌లో భూగోళం బొమ్మతో ఒక కార్డు ఉంటుంది: తువ్వాలు కొక్కేనికి తగిలిస్తే మళ్లీ వాడతారని, నేల మీద వేస్తే మార్చమని అర్థం. ఫిజీలో ఓ రిసార్ట్‌లో ఇలాంటి కార్డే చూసిన జే వెస్టర్‌వెల్డ్ అనే పర్యావరణవేత్త 1986లో ఒక వ్యాసం రాశాడు. పర్యావరణం మీద లేని ప్రేమను పైకి ఒలకబోయడానికి 'గ్రీన్‌వాషింగ్' అన్న మాట అక్కడే పుట్టిందని చెబుతారు. తువ్వాలు తగిలించి భూమిని కాపాడిన అతిథి బాల్కనీలోకొస్తే, ఎవరూ చూడకపోయినా పగలూ రాత్రీ ఎగసే ఫౌంటెన్ ఎదురవుతుంది. అయినా తగిలించాల్సిందే, కాకపోతే విప్పి పరిచినట్టు ఆరేయాలి. ఒకే కొక్కేనికి రెండు కుక్కితే పొద్దుటికి ముక్కవాసన కొడతాయి, చచ్చినట్టు మార్పించుకోవాలి.

స్పా పేపర్ కఠినంగా ఉంటుంది. '60 నిమిషాల మసాజ్' అన్నప్పుడు చాలాచోట్ల చేతులు ఒంటి మీద ఉండేది 50 నిమిషాలే. బట్టలు మార్చుకోవడం, మాట్లాడుకోవడం మిగతా పదీ తినేస్తాయి. పావుగంట ముందే వెళ్లి ఫారంలో బీపీ మందులు, గర్భం, ఈమధ్య జరిగిన ఆపరేషన్, పడని నూనెలు నిజాయితీగా రాయాలి. ఆలస్యమైతే ఆ కోత మీ నడుముకే, ఎందుకంటే మీ వెనక ఇంకో నడుము బుక్కయి ఉంటుంది. 'ప్రెషర్ సరిపోయిందాండీ?' అని అడిగినప్పుడు పళ్లు బిగించి 'బావుందండీ' అనడం మర్యాదస్తుల రోగం. 'కొంచెం తగ్గించండి' అన్న రెండు మాటలు ఇంటి దగ్గరే సాధన చేసి వెళ్లాలి. ఒంట్లోని విషాలన్నీ పోయాయని చివర్లో చెబితే ఏ విషం, ఎన్ని గ్రాములు అని అడక్కండి. ఆ పని కాలేయం, మూత్రపిండాలు టిప్పు లేకుండా చేస్తున్నాయి; వాటి చెవిన పడితే బాగుండదు.

ఆవిరి గదుల్లో అమాయకులు ఎక్కువగా దెబ్బతింటారు. సానా అనే పొడివేడి గదిలో 80, 90 డిగ్రీలున్నా తట్టుకోగలిగేది గాలి పొడిగా ఉండి చెమట ఆరుతుంది కాబట్టి. స్టీమ్ రూమ్‌లో 45 డిగ్రీలకే ఉక్కిరిబిక్కిరవుతాం, తేమ నిండిన గాలిలో చెమట ఆరదు. పక్కన కూర్చున్న పెద్దమనిషి లేచేదాకా లేవకూడదన్న పంతం ఏ ఆరోగ్యశాస్త్రంలోనూ లేదు. పది, పదిహేను నిమిషాలు చాలు, కొత్తవాళ్లకు అంతకంటే తక్కువ. పై బల్ల మీద వేడి ఎక్కువ, మొదటిసారి కింది బల్లే మేలు. గొలుసులు, ఉంగరాలు తీసేయాలి, లోహం కాలుతుంది. మద్యం తాగి వెళ్లకూడదు. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. సానా తలుపు బయటికి తోస్తే తెరుచుకోవాలి, గడియ ఉండకూడదు. ఉంటే వెనక్కి వచ్చేయండి. ఈతకొలను దగ్గర ముక్కుకు ఘాటుగా తగిలే వాసనను శుభ్రతకు గుర్తనుకునేవాళ్లు పరీక్షలో తప్పినట్టే. క్లోరిన్ జనం చెమటతో, మూత్రంతో కలిస్తే పుట్టేదే ఆ ఘాటు.

బిల్లును ముందురోజు రాత్రే తెప్పించుకోవాలి, పొద్దున 11కి అందరూ కౌంటర్ దగ్గరే ఉంటారు. కొన్ని మినీ బార్లలో సీసా కింద సెన్సార్ ఉంటుంది. లేబుల్ చదువుదామని ఎత్తి, చదవడం ఆలస్యమైతే తాగినట్టే లెక్క. ఇంటికి చేరేసరికి ఫోన్లో ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: మా హోటల్‌ను మిత్రులకు చెబుతారా, 0 నుంచి 10లో ఎంత? మంచి మనసున్నవాళ్లు 8 వేస్తారు. 2003 నుంచి వ్యాపార లోకంలో నడుస్తున్న ఈ లెక్కలో 9, 10 వేసినవాళ్లే మెచ్చినవాళ్లు. 7, 8 అటూ ఇటూ కారు. 6 నుంచి కిందికి తిట్టినవాళ్లే. రోజూ పక్క సర్దినావిడ మీద అభిమానంతో 8 వేస్తే ఆవిడకు ఒరిగేది సున్నా. 9 వేసి, కింద ఖాళీ పెట్టెలో ఆవిడ పేరు, దాని కింద బాత్రూమ్ అద్దం వెనక దీపం స్విచ్ ఎక్కడ దొరికిందో రాయండి.