సామికే అర్థమైంది, మీకేంది బాధ

పిల్లోడికి స్పీచ్ థెరపీ కావాలా వద్దా తేల్చేదానికి చదువుకున్నోళ్ళు ఎందుకో నాకర్థం కాదు, మా తిరుపతిలో వీధికొక ధర్మాసనం ఉండాది, అరుగు మీద కూచోని నిమిషంలో తీర్పిచ్చేస్తాది.

కేసు ఏందంటే, పక్కింటోళ్ళ పిల్లోడికి నాలుగున్నరేళ్ళు, క బదులు త, గ బదులు ద. కుక్కని తుత్త అంటాడు, అలిపిరి మెట్లెక్కతా "దోవిందా దోవింద" అంటే వెనకొచ్చే భక్తులు మురిసిపోయి వీడియోలు తీసుకున్నారు. అవ్వ తీర్పు, "సామికే అర్థమైంది, మీకేంది బాధ." ఇంకో జడ్జి మేనమామ పోలిక అన్నాడు. వస అరగదీసి నాకించడం కూడా అయింది, పిల్లోడు ఇప్పుడు గలగలా మాట్లాడతాండాడు, అంతా త లోనే.

మొన్న అంగట్లో "తేత్" కావాలన్నాడు, అంగడాయన ఆలోచించి ఆలోచించి టేప్ ఇచ్చినాడు, పిల్లోడు ఏడుపు, వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి కేక్ అని తర్జుమా చేసింది. నా మనవి ఏందంటే ఆమెకి దుబాసీగా జీతమిచ్చి, పిల్లోడికి ఉద్యోగమొచ్చేదాకా పక్కనే ఉంచాల.

థెరపిస్టులది మాత్రం వేరే లెక్క, చాదస్తం కాకపోతే. మూడేళ్ళోడు మాట్లాడితే కొత్తోళ్ళకి నాలుగింట మూడొంతులు అర్థం కావాలంట, నాలుగు దాటితే దాదాపు అంతా. ర ని ల అంటే ఇంకొన్నాళ్ళు చూడొచ్చంట గానీ క, గ నాలుగేళ్ళకీ రాకపోతే చూపించాలంట. అన్నిటికన్నా ముందు చెవి టెస్టు, జలుబుకి చెవి లోపల నీరు చేరినా శబ్దాలు సరిగ్గా వినపడవు, పిల్లోడు విన్నట్టే పలుకుతాడు కదా. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీములు అంగన్‌వాడీలకీ సర్కారు బడులకీ వచ్చి వినికిడి, మాట ఆలస్యం కూడా చూస్తారు, పైసా తీసుకోరు. పైసా తీసుకోనోళ్ళని మనం నమ్ముతామా?

అట్లా రెండేళ్ళు వాయిదా పడిన కేసు, ఒక ప్రైవేటు స్కూలోళ్ళు ఇంటర్వ్యూలో పిల్లోడి పేరు అర్థం కాక సీటు ఇయ్యమనేసరికి సాయంత్రానికల్లా థెరపిస్టు నంబరుతో సహా తేలిపోయింది. ఆమె మొదటి ప్రశ్న, "చెవులు చూపించారా అమ్మా?"

అవ్వ గర్వంగా, "పోయినేడే కుట్టించినాం మేడమ్, బంగారుతో."