మూడో వారం గురించి ముందే ఎందుకు చెప్పరు?

పిండం అనగానే చాలామంది కళ్లముందు మెదిలేది బొటనవేలంత బుజ్జి మనిషి. కాళ్లూ చేతులూ మొదటి రోజే అమరిపోయినట్టు, ఇక తొమ్మిది నెలలూ పెరగడమే మిగిలినట్టు మాట్లాడతారు. బాగా చదువుకున్నవాళ్లు కూడా. ఈ పొరపాటు నన్ను చాలా బాధపెడుతుంది, ఎందుకంటే దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు.

ఫలదీకరణం జరిగిన రెండు వారాలకు అక్కడ ఉండేది రెండు పొరల కణాల బిళ్ల, అంతే. సుమారు 15వ రోజున దాని మీద ఒక అంచు నుంచి మధ్య వరకు సన్నని గాడి పడుతుంది. ఆదిమ రేఖ అంటారు దాన్ని. గాడి మొదలైన అంచు కింది భాగం, ఎదుటి అంచు తల. పై పొర కణాలు గాడి దగ్గరికి వచ్చి లోపలికి జారతాయి. ముందు దిగినవాటి నుంచి పేగుల లోపలి పొర, కాలేయం వస్తాయి. తర్వాత దిగి మధ్యలో పరుచుకున్నవాటి నుంచి కండరాలు, ఎముకలు, గుండె, రక్తం. దిగకుండా పైనే ఉండిపోయినవి చర్మపు పైపొర, మెదడు అవుతాయి. మనం ఆలోచించే మెదడూ, గీసుకుపోయే చర్మమూ ఒకే పొరలోంచి వచ్చాయన్నమాట!

కుడి ఎడమలు తేలేదీ అప్పుడే. గాడి కొసన ఉన్న చిన్న గుంటలో వెంట్రుకల్లాంటి శైలికలు గిరగిరా తిరుగుతూ ద్రవాన్ని ఎడమవైపు నెడతాయి. చుంచెలుక పిండాల్లో దీన్ని కళ్లారా చూశారు. పుట్టుకతోనే శైలికలు సరిగా కదలని మనుషుల్లో దాదాపు సగం మందికి గుండె కుడివైపున ఉంటుంది.

ఆ వెంటనే వీపు వైపున్న పొర అంచులు చాప చుట్టినట్టు పైకి లేచి, మధ్యలో కలుసుకుని గొట్టంగా మూసుకుంటాయి. మెదడు, వెన్నుపాము దానిలోంచే వస్తాయి. 28వ రోజుకల్లా ఆ పని పూర్తి కావాలి. పైకొస మూసుకోకపోతే మెదడు చాలావరకు ఏర్పడదు, కిందికొస మూసుకోకపోతే వెన్ను తెరుచుకునే ఉంటుంది. అప్పటికి నెలసరి తప్పి రెండు వారాలే!

అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్ తీసుకుంటే, ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. మిగతావాళ్లు కూడా కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలన్నది వైద్యుల సలహా.

మా వదినకు ఆ మాత్రలు ఎనిమిదో వారంలో, మొదటిసారి పరీక్షకు వెళ్లినప్పుడు ఇచ్చారు. చివరి నెలసరి మొదటి రోజు నుంచి వేసే ఆ లెక్కన గొట్టం మూసుకునేది ఆరో వారంలో. బాబు ఆరోగ్యంగానే పుట్టాడు. ఈ సంగతంతా చెప్పినప్పుడు మాత్రం వదిన వాణ్ణి ఒళ్లోకి తీసుకుని, వీపు మీద వెన్నుపూసలను ఒక్కొక్కటిగా వేలితో తడుముతూ చాలాసేపు కూర్చుంది. "పెళ్లయిన కొత్తలోనే ఎవరూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది.