స్వర్ణముఖిలో కయాక్ ఎక్కడ వేసేది సామీ?

వారం రోజులుగా ఒకే వీడియోను పదిమంది పంపారు. ఎవరో విదేశీ చిత్రకారిణి కయాక్‌లో, అంటే సన్నటి చిన్న తెడ్డు పడవలో, ఒంటరిగా ఒక నది పొడవునా వెళ్తోంది. పగలంతా తెడ్డు, రాత్రి ఒడ్డున టెంటు, ఆ ప్రయాణంలోంచి బొమ్మలు. కింద మనవాళ్ల సలహా: "నువ్వూ బొమ్మలేస్తావు కదా సామీ, నువ్వూ పో."

ఎక్కడికి పోను? నేనుండేది తిరుపతిలో. మన స్వర్ణముఖి నదిలో ఏడాదిలో చాలా నెలలు కయాక్ వేయాలంటే దాన్ని నెత్తిన పెట్టుకుని ఇసుకలో నడవాలి.

అలాగని ఆవిడది పిచ్చి అనను. పోయిన చలికాలం గండికోటలో గంటసేపు కయాక్ అద్దెకు తీసుకున్నాను. అంతకుముందు ఆ లోయను పైనుంచి నాలుగుసార్లు వేశాను. నాలుగూ పోస్టుకార్డుల్లాగే వచ్చాయి. కిందికి దిగి కూర్చుంటే కన్ను నీటికి మూడడుగుల ఎత్తులో కూడా ఉండదు. ఎర్రరాతి గోడ మన మీద పడేటట్టు నిలబడుతుంది. దాని ప్రతిబింబం మన తెడ్డు దాకా వచ్చేస్తుంది. నీళ్లు కదా అని పట్టుకెళ్లిన నీలం ట్యూబు మూత కూడా తీయలేదు. ఎటు చూసినా పాచి ఆకుపచ్చ, టీ డికాక్షన్ రంగు. పైగా తెడ్డు ఒళ్లో పెట్టుకుని గీయబోతే గాలికి పడవ తిరిగిపోతుంది, గీస్తున్న బండ వీపు వెనక్కి పోతుంది. మూడు గీతల్లో తేల్చేయాలి. తడిసిన చిత్తుబొమ్మలు తొమ్మిది మిగిలాయి. నెలరోజులు వాటి మీదే బతికాను.

ఈ పని కొత్తదీ కాదు. ఫ్రాన్స్‌లో డోబినీ అనే చిత్రకారుడు 1857లోనే ఒక పడవను స్టూడియోగా మార్చుకుని వాజ్, సేన్ నదుల మీద తిరిగాడు. తర్వాత మోనే అనే చిత్రకారుడు కూడా అలాంటి పడవే పెట్టుకున్నాడు. అందులో కూర్చుని పనిచేస్తున్న మోనేను మానే అనే ఇంకో చిత్రకారుడు 1874లో బొమ్మగా వేశాడు.

మన దగ్గర నది బొమ్మ అంటే ఏమిటి? మంచుకొండలు, పైన్ చెట్లు, మధ్యలో నీలంగా ఒక ఏరు. పైన్ చెట్టును ముట్టుకుని ఎరగనివాళ్లం వేస్తాం, హాల్లో సోఫా పైకి సరిపోయిందని జనం కొంటారు. నేనూ రెండు అమ్మాను, సిగ్గులేకుండా చెబుతున్నా.

నదికీ బొమ్మకూ మనకు సంబంధం లేక కాదు. శ్రీకాళహస్తి కలంకారీ చూడండి. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. బెల్లం, ఇనుము ఊరబెట్టిన నల్లటి నీళ్లతో వెదురు కలం పట్టి గీస్తారు. పటిక పూసిన చోట ఎరుపు పట్టుకుంటుంది. ఎక్కువైన పటిక పక్కకు అంటకుండా పోవాలంటే పారే నీళ్లలో జాడించాలి. నిలవ నీళ్లయితే మరక. అంటే అక్కడ నది చూసి వేసే దృశ్యం కాదు, కలం లాంటి పనిముట్టు. ఏరు ఎండితే తొట్లే గతి. దీని గురించి ఒక్కరూ వీడియో పంపరు!

2021 నవంబరులో మాత్రం స్వర్ణముఖికి నీళ్లొచ్చాయి. తిరుచానూరు వైపు ఒడ్డున ఇల్లు ఏట్లోకి ఒరిగిపోయింది. ఆ రోజు కయాక్ వేస్తానన్నవాడుంటే వాడికో దండం. ఒడ్డును, ఏటి దారిని మనం కబళించాక నది ఎటు పోవాలి?

నేను నడుస్తాను. తొండవాడలో భీమ, కల్యాణి నదులు వచ్చి స్వర్ణముఖిలో కలిసే చోట, అగస్త్యేశ్వరుడి గుడి దగ్గర మొదలుపెట్టి తిరుచానూరు, గుడిమల్లం మీదుగా కాళహస్తి దాకా. రోడ్డు మీద కాదు, ఏట్లోనే. ఇసుక తోడిన గుంతల్లో నిలిచిన పచ్చనీళ్లు, సర్కారు తుమ్మ, చెప్పుల జాడలు, ఎక్కడైనా సన్నగా పారే పాయ ఉంటే అదీ, ఏది కనబడితే అది వేస్తాను. "ఇసుక బొమ్మ ఎవరు కొంటారు?" అని ఒక మిత్రుడు అప్పుడే అడిగాడు. కొనకపోతే మా ఇంట్లో గోడలు ఖాళీగానే ఉన్నాయి.

సంక్రాంతి తర్వాత, వానలు పోయి పాయలు ఇంకా పూర్తిగా ఎండని రోజుల్లో బయల్దేరతాను. వచ్చేవాళ్లు చెప్పండి. కుక్కలకు ఒక కర్ర, ముళ్లకు మందమైన చెప్పులు తెచ్చుకోండి. తెడ్డు అక్కర్లేదు.